చాకీ తెలిసిన మనకు జాకీ కూడా తెలియాలి: గూళ్ల బండికి పంక్చర్ అయితే ఏం చేయాలి



మన గ్రూపులో ఎప్పుడూ ఆకు గురించి, ఊజీ ఈగ గురించి, రేటు గురించే మాట్లాడుకుంటాం. ఈసారి టైరు గురించి రాస్తున్నాం. టైరుకూ పట్టుకూ సంబంధం ఏమిటి అనుకోవద్దు. మా బీదర్ జిల్లా రాష్ట్రానికి ఉత్తరపు కొస. ఇక్కడ గూళ్లు కోసి రామనగర మార్కెట్‌కు వేయాలంటే ఏడు వందల కిలోమీటర్లకు పైనే ప్రయాణం. నెల రోజులు కంటికి రెప్పలా చూసుకున్న పంట మొత్తం ఒక రాత్రి నాలుగు టైర్ల మీద ఉంటుంది. ఆ నాలుగింటి గురించి మనకు తెలిసింది చాలా తక్కువ. మాకు తెలియకే దెబ్బ తగిలింది.

*మాకు ఏమైంది*

ముగ్గురు రైతులం కలిసి ఒక పికప్‌లో గూళ్లు వేసుకుని సాయంత్రం బయలుదేరాం. సుమారు 480 కిలోలు. జహీరాబాద్, హైదరాబాద్ మీదుగా కర్నూలు రోడ్డు పట్టాం. కర్నూలు దాటి డోన్ చేరకముందే, రాత్రి ఒంటి గంట ప్రాంతంలో, వెనక ఎడమ టైరు పోయింది. బండి వెనక భాగం తోక ఊపినట్టు ఊగింది. డ్రైవర్ మా బావమరిదే. మెల్లగా పక్కకు తీసి ఆపాడు. అంతవరకు బాగానే చేశాడు.

తప్పులన్నీ ఆ తర్వాతే. పొద్దున వేలానికి అందుకోవాలన్న తొందర. చక్రాలకు రాళ్లు పెట్టలేదు. రోడ్డు దిగి మట్టిలోనే జాకీ పెట్టాం. ముందురోజు వాన పడి నేల మెత్తగా ఉంది, చీకట్లో చూసుకోలేదు. నట్లు విప్పి చక్రం లాగేశాక జాకీ ఒక పక్కకు ఒరిగింది, బండి జానెడు ముందుకు కదిలి కింద పడింది. బావమరిది చెయ్యి వెనక్కి తీసుకున్నాడు గానీ చూపుడు వేలు కొస చిక్కింది. గోరు ఊడింది, ఎముక చిట్లింది. రెండు పంటల పాటు ఆ చేత్తో కొమ్మ కోయలేకపోయాడు. ఇంట్లో ఆడవాళ్ల మీదే ఆ పని అంతా పడింది.

చివరికి వెనక వచ్చిన ఒక లారీ డ్రైవర్ ఆగి, తన జాకీతో, తన చెక్కతో బండి లేపి చక్రం మార్చి పెట్టాడు. మాది చూసి ఒక్క మాట అన్నాడు. "రాయి పెట్టనోడు జాకీ ముట్టొద్దు తమ్ముడూ."

దగ్గర్లో ఆసుపత్రికి పోయి కట్టు కట్టించుకుని రామనగర చేరేసరికి మధ్యాహ్నం అయింది. మరుసటి రోజు వేలంలో అమ్మాం. గూళ్లకు ఏమీ కాలేదు! మేము దేనికోసం తొందరపడ్డామో అది భద్రంగానే ఉంది. దేన్ని పట్టించుకోలేదో అదే పోయింది. ఈ పాఠం రాయడానికి కారణం ఇదే.

*ముందు మనసులో పెట్టుకోవాల్సింది*

సరైన రోజున కోసిన గూడు గంట ఆలస్యానికి చెడిపోదు. లోపల ప్యూపా బతికే ఉంటుంది, దానికి గాలి ఆడితే చాలు. మహా అయితే ఆ పూట వేలం తప్పుతుంది. కాబట్టి పంక్చర్ అయినప్పుడు మొదట తీసేయాల్సింది చక్రం కాదు, తొందర.

*1. టైరు పోయినట్టు తెలియగానే*

ముందు టైరు పోతే స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది. వెనకది పోతే బండి వెనక ఊగుతుంది. రెండింటికీ ఒకటే పద్ధతి. బ్రేకు గట్టిగా తొక్కొద్దు. స్టీరింగ్ రెండు చేతులతో నిలబెట్టి, యాక్సిలరేటర్ వదలండి. బండి దానంతట అదే నెమ్మదిస్తుంది, అప్పుడు ఎడమకు తీయండి. మన గూళ్ల లోడు బరువు తక్కువే గానీ ఎత్తు ఎక్కువ. ఒక్కసారిగా తిప్పితే పక్కకు ఒరిగే ప్రమాదం ఉంది.

*2. ఎక్కడ ఆపాలి*

మలుపులో, వంతెన మీద, ఎత్తు దిగేచోట ఆపొద్దు. టైరు పాడైతే పాడైంది, నడక వేగంతో ఇంకొంచెం ముందుకు పోయినా సరే, సమంగా గట్టిగా ఉన్న చోటు చూసుకోండి. పెట్రోల్ బంకు, ధాబా ముందు ఖాళీ జాగా దొరికితే ఇంకా మంచిది. కుడి పక్క టైరు పోతే మరింత జాగ్రత్త, ఎందుకంటే మీ వీపు వచ్చే బండ్ల వైపు ఉంటుంది. రోడ్డుకు బాగా ఎడంగా తీసేంత జాగా లేకపోతే అక్కడ చక్రం మార్చే పని పెట్టుకోవద్దు. జాతీయ రహదారి మీద అయితే 1033కి ఫోన్ చేయండి. ప్రమాదం జరిగితే 112, అంబులెన్సుకు 108.

*3. వెనక వచ్చేవాళ్లకు తెలిసేలా*

నాలుగు ఇండికేటర్లూ వెలిగే బటన్ నొక్కండి. బండిలో ఉన్న అందరూ ఎడమ పక్క నుంచి దిగి రోడ్డుకు దూరంగా నిలబడాలి. ఎర్ర త్రికోణాన్ని బండి వెనక కనీసం 70 అడుగులేసి పెట్టండి, అంటే దాదాపు 50 మీటర్లు. పెద్ద హైవే మీద దానికి రెట్టింపు దూరం. పెట్టడానికి పోయేటప్పుడు రోడ్డు అంచునే, టార్చి వెలిగించుకుని నడవండి.

త్రికోణం లేదని రోడ్డు మీద రాళ్లు, కొమ్మలు పెట్టేవాళ్లున్నారు. పని అయ్యాక వాటిని అక్కడే వదిలి పోతారు. ఆ రాయి చీకట్లో బైకు మీద వచ్చేవాడి ప్రాణం తీస్తుంది. త్రికోణం కొనుక్కోండి. గతిలేక కొమ్మ పెట్టినా తీసేసి కదలండి.

*4. రాయి, ఆ తర్వాతే జాకీ*

ఇంజన్ ఆపి, గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. ఇంత చేశాక రాయి ఎందుకు అని మేమూ అనుకున్నాం. ఇక్కడ అసలు సంగతి ఉంది.

మన పికప్‌లు ఎక్కువగా వెనక చక్రాలతో నడిచేవి. గేరు పట్టు వెనక చక్రాలకే, హ్యాండ్ బ్రేకు పట్టు కూడా వెనక చక్రాలకే. ముందు చక్రాలను ఏదీ పట్టుకుని ఉండదు. ఒక వెనక చక్రాన్ని జాకీతో గాల్లోకి లేపితే, డిఫరెన్షియల్ ఉంది కాబట్టి గాల్లో ఉన్న చక్రం తిరుగుతూ నేల మీదున్న రెండో చక్రాన్ని కూడా దొర్లనిస్తుంది. అంటే గేరు పట్టు పోయినట్టే. ఇక మిగిలింది హ్యాండ్ బ్రేకు ఒక్కటే. పాత బండ్లలో అది పేరుకే ఉంటుంది. మా బండి జానెడు కదిలింది అందుకే.

అందుకని వెనక టైరు మారుస్తుంటే ముందు రెండు చక్రాలకు, ముందు టైరు మారుస్తుంటే వెనక రెండు చక్రాలకు, ముందూ వెనకా రెండు పక్కలా రాళ్లు గానీ చెక్క దిమ్మలు గానీ గట్టిగా అదిమి పెట్టండి. గుండ్రటి రాయి పనికిరాదు.

*5. బండి లేపక ముందు చేయాల్సిన రెండు పనులు*

ఒకటి, స్టెప్నీ దించుకోండి. చాలా పికప్‌లలో అది వెనక బాడీ కింద గొలుసుకు వేలాడుతుంది. జాకీ మీదున్న బండి కిందికి దూరి దాన్ని తీయడం చావును పిలవడమే. దించిన స్టెప్నీని జాకీ పెట్టే చోటు పక్కన, ఛాసిస్ కింద పడుకోబెట్టండి. జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది.

రెండు, చక్రం నేల మీద ఉండగానే నట్లన్నీ అర చుట్టు వదులు చేయండి. బండి గాల్లో ఉన్నప్పుడు పానా మీద బలం పెడితే బండి ఊగి జాకీ తప్పుతుంది. కొన్ని పాత బండ్లలో ఎడమ పక్క చక్రాల నట్లు ఎదురు మరతో ఉంటాయి. ఎంత లాగినా రాకపోతే బోల్టు కొస మీద 'ఎల్' అనే అక్షరం ఉందేమో చూడండి. ఉంటే రెండో వైపు తిప్పాలి.

*6. జాకీ పెట్టడం*

మా ఔరాద్, భాల్కి వైపు నల్లరేగడి. వాన పడితే మనిషి కాలే దిగబడుతుంది, జాకీ దిగదా? అడుగు పొడవు, అడుగు వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న గట్టి చెక్క పలక ఒకటి బండిలో ఎప్పుడూ ఉండాలి. జాకీ దాని నడిమధ్యన నిటారుగా నిలబడాలి. ఇటుక పెట్టొద్దు, బరువుకు పగులుతుంది.

వెనక చక్రానికైతే ఇరుసు కింద, పట్టీలకు దగ్గరగా జాకీ పెట్టండి. ఇరుసు మధ్యలో ఉన్న గుండ్రటి డిఫరెన్షియల్ డబ్బా కింద పెట్టొద్దు. ముందు చక్రానికి బండిని బట్టి చోటు మారుతుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది, ఇంట్లోనే చూసుకుని పెట్టుకోండి. సీసా జాకీ అయితే అడుగున ఉన్న చిన్న మరను కుడికి తిప్పి మూసి, పైన ఉన్న స్క్రూను చేత్తో ఇరుసుకు తగిలేదాకా పెంచి, అప్పుడు పంపు కొట్టండి. గాలి ఉన్న టైరుకు ఎక్కువ ఎత్తు కావాలి కాబట్టి నేలకు నాలుగు వేళ్ల సందు వచ్చేదాకా లేపితే చాలు.

జాకీ మీద ఉన్న బండి జ్వరంలో ఉన్న పురుగు లాంటిది. కదిలించొద్దు, ఎవరూ ఎక్కొద్దు, తలుపు కూడా వేయొద్దు. తల గానీ కాలు గానీ కిందికి పోనివ్వొద్దు.

*7. చక్రం మార్చడం*

నట్లు తీసి ఒక గుడ్డలో వేసుకోండి. చీకట్లో ఒక్కటి పోయినా కష్టమే. పాత చక్రం లాగేశాక స్టెప్నీ బయటికి తీసి, పాతదాన్ని ఛాసిస్ కింద దాని చోట పడుకోబెట్టండి. కొత్త చక్రాన్ని పక్కల నుంచి పట్టుకుని ఎక్కించండి, కింద వేళ్లు పెట్టొద్దు. బరువైతే రాడ్డుతో మీటండి.

నట్టుకు ఏటవాలుగా ఉన్న వైపు చక్రం వైపే ఉండాలి. ముందు చేత్తో, తర్వాత పానాతో ఎదురెదురు నట్లు ఒకదాని తర్వాత ఒకటి కొద్దిగా బిగించండి. పక్కపక్కవి వరుసగా బిగిస్తే చక్రం సరిగ్గా కూర్చోదు. మరలకు నూనె పూయొద్దు. కింద ఉన్న చక్రం తీసి, జాకీ మరను మెల్లగా వదిలి బండి దించాకే చివరి బిగింపు. పానా మీద ఎక్కి గెంతొద్దు, బోల్టు తెగుతుంది.

కదిలేముందు రాళ్లు, త్రికోణం, పలక, జాకీ అన్నీ తీసుకున్నామా అని చూసుకోండి. 10 కిలోమీటర్లు పోయాక ఒకసారి, 50 పోయాక ఇంకోసారి ఆగి నట్లు చూడండి. దారిలో మొదట కనిపించిన షాపులోనే పాత టైరుకు పంక్చర్ వేయించండి. ఇప్పుడు మీ దగ్గర స్టెప్నీ లేదని మరచిపోవద్దు.

*8. ఈలోగా గూళ్ల సంగతి*

బండి నడిచేటప్పుడు లోడుకు గాలి ఆడుతుంది, ఆగితే ఆడదు. అందుకే టార్పాలిన్ పక్కలు వదులు చేయండి. ఇది జాకీ ఎత్తక ముందే చేయాలి. వాన పడుతుంటే పైన కప్పు ఉంచి పక్కలు మాత్రం కొద్దిగా తెరవండి. పగలైతే నీడ పడే చోటు చూసుకోండి. మూటలు దించి తడి నేల మీద పెట్టొద్దు. లోడు బరువు తక్కువే కాబట్టి మామూలుగా దించాల్సిన పని రాదు.

మూటల మీద మనుషులు కూర్చుని ప్రయాణం చేయొద్దు. పడితే ప్రాణం పోతుంది, పడకపోయినా కింద ప్యూపా నలిగి గూడు లోపల మరక పడుతుంది. ఎరువుల ప్లాస్టిక్ సంచుల్లో గూళ్లు నింపేవాళ్లు ఇకనైనా మానండి. గాలి ఆడే సంచుల్లో వదులుగా నింపితే ఇలాంటి ఆలస్యాన్ని తట్టుకుంటాయి.

*గూళ్లు కోసే ముందురోజు*

పురుగులు షెడ్డుకు వచ్చాక మందు కొడతామా? రాకముందే శుద్ధి చేస్తాం. ఇదీ అంతే. లోడు వేసే ముందురోజు పగటిపూట పది నిమిషాలు చూడండి.

• స్టెప్నీలో గాలి ఉందా? తలుపు దగ్గర స్టిక్కర్ మీద లోడుకు వెనక టైర్ల కోసం రాసిన అంకె ఎంతో అంత పట్టించండి.
• స్టెప్నీ గొలుసు దిగుతోందా, తుప్పు పట్టి బిగుసుకుందా?
• జాకీ లేస్తోందా, నూనె కారుతోందా?
• పానా మీ నట్లకు సరిపోతోందా?
• పలక, నాలుగు దిమ్మలు, త్రికోణం, టార్చి, చేతి తొడుగులు ఉన్నాయా?

కిరాయి బండి అయినా అడిగి చూడండి. లోడు మనది, దాంతో పోయే మనిషీ మనవాడే. ఒక్కసారి ఇంటి ముందు ఖాళీ బండికి చక్రం మార్చి చూసుకుంటే రాత్రిపూట చెయ్యి వణకదు. మేము ఇప్పుడు ప్రతి పంటకూ ఒకసారి చేస్తున్నాం. బావమరిదే దగ్గరుండి చూస్తాడు. నాలుగు దిమ్మలూ పడేదాకా జాకీని ఎవరి చేతికీ ఇవ్వడు.

మీ బండి నడిపే వాళ్లకు కూడా ఈ మెసేజ్ పంపండి. చదవడం రాని వాళ్లుంటే చదివి వినిపించండి.

మీ పంట క్షేమంగా మార్కెట్ చేరాలి. పంటతో పోయినవాళ్లు క్షేమంగా ఇంటికి చేరాలి.