పాఠం 9 : దళారి లేకుండా అద్దె ఇల్లు

9.0 పరిచయం

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. బతుకుతెరువు కోసం కొత్త నగరానికి వెళ్ళినవారికి అద్దె ఇల్లు వెతుక్కోవడం కూడా అంత పనే. గుజరాత్‌లో తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్ నగరానికి తెలంగాణ జిల్లాల నుండి, ముఖ్యంగా పద్మశాలి కుటుంబాలు, మరమగ్గాల పని కోసం కొన్ని దశాబ్దాలుగా వలస వెళ్తున్నాయి. అక్కడి లింబాయత్ ప్రాంతంలో తెలుగు మాట వినిపిస్తుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. అయినా కొత్తగా వెళ్ళినవారు భాష రాక, మనుషులు తెలియక, మొదటి జీతం అందకముందే దళారికి డబ్బు చెల్లిస్తుంటారు. ఈ ఖర్చు ఎలా తప్పించుకోవచ్చో ఈ పాఠంలో తెలుసుకుందాం.

9.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- దళారి చేసే పని ఏమిటో వివరించగలుగుతారు;
- ఖాళీ ఇంటి సమాచారం స్వయంగా సేకరించగలుగుతారు;
- డబ్బు చెల్లించే ముందు చూడవలసిన అంశాలను గుర్తించగలుగుతారు;
- అద్దె ఒప్పందంలో ఉండవలసిన షరతులను చెప్పగలుగుతారు.

9.2 దళారి దేనికి డబ్బు తీసుకుంటాడు?

దళారి రెండు పనులు చేస్తాడు. ఎక్కడ ఇల్లు ఖాళీగా ఉందో మీకు చెబుతాడు. మీరు నమ్మదగినవారని యజమానికి చెబుతాడు. అంటే సమాచారం ఒకటి, నమ్మకం ఒకటి. ఈ రెండూ మీరే సమకూర్చుకోగలిగితే దలాలీ చెల్లించవలసిన అవసరం ఉండదు.

ఒక లెక్క చూద్దాం. నెల అద్దె 6,000 రూపాయలు, డిపాజిట్ రెండు నెలల అద్దె, దలాలీ ఒక నెల అద్దె అనుకుందాం. ఇంట్లో అడుగుపెట్టడానికి మొదటి నెల అద్దెతో కలిపి 24,000 రూపాయలు కావాలి. ఇందులో డిపాజిట్ 12,000 ఇల్లు ఖాళీ చేసినప్పుడు తిరిగి రావలసిన సొమ్ము. దలాలీ 6,000 మాత్రం తిరిగి రాదు.

9.3 సమాచారం సేకరించడం

(అ) తెలిసినవారిని అడగడం: ఇల్లు ఖాళీ అయిన తరువాత కాదు, ఖాళీ కాబోతున్నప్పుడే తెలుసుకోవాలి. కార్ఖానాలో ఇద్దరు కార్మికుల మధ్య జరిగిన ఈ సంభాషణ చదవండి.

"అన్నా, మీ గల్లీల ఖాళీ అయ్యే ఇల్లు ఏమన్న ఉన్నదా? నేను, మా ఇంటామె, ఇద్దరు పిల్లలం."
"మా పక్కింటోళ్లు నెలాఖరుకు పోతున్నరు తమ్మీ. కిరాయి ఎంతనో నాకు తెల్వది."
"నేనే వచ్చి అడుగుత. ఇంటాయనకు నా గురించి ఒక మాట చెప్పు అన్నా."
"చెప్త. ఆధార్ కార్డు, పని చేసే కాడి కాగితం వెంబడి తెచ్చుకో."

ఇక్కడ తమ్ముడికి సమాచారం, పరిచయం రెండూ దొరికాయి. పనిచోటే కాక పిల్లల బడి, కిరాణా కొట్టు కూడా ఇలా అడగదగిన చోట్లే.

(ఆ) వీధులు తిరగడం: పనిచోటుకు నడిచి వెళ్ళగలిగిన వీధులను ఎంచుకుని, సెలవు రోజున తిరగండి. గుజరాతీ లిపి రాకపోయినా "భాడే ఆపవానుం ఛే" అనే మాట గుర్తుంచుకోండి. అద్దెకు ఇవ్వబడును అని దాని అర్థం. అది బోర్డు మీద ఎలా ఉంటుందో తెలిసినవారితో కాగితంపై రాయించుకుని వెంట ఉంచుకోండి. సొసైటీలలో కాపలాదారును, "ప్రముఖ్" అని పిలిచే అధ్యక్షుణ్ణి అడగండి.

పాఠంలోని ప్రశ్నలు 9.1
1. దళారి అందించే రెండు విషయాలు ఏవి?
2. నెల అద్దె 5,000, డిపాజిట్ రెండు నెలలు, దలాలీ లేదు. మొదట ఎంత కావాలి?

9.4 డబ్బు ఇచ్చే ముందు

దళారి లేనప్పుడు పరిశీలన బాధ్యత పూర్తిగా మీదే. ఇల్లు చూడకుండా, ఫోనులో ఎవరో అడిగారని అడ్వాన్సు పంపవద్దు. యజమాని గుర్తింపు పత్రంతో పాటు "వేరా బిల్" అనే ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు చూపమనండి. ఇవి మాత్రమే యాజమాన్యాన్ని రుజువు చేయవు. కాని పేర్లు కలవకపోతే కారణం అడిగి తెలుసుకోవాలి.

ఇరుగుపొరుగును వర్షాకాలం గురించి అడగండి. 2006 ఆగస్టులో తాపీ వరదకు నగరంలో చాలా భాగం నీట మునిగింది. లింబాయత్ వైపు ఖాడీలు, అంటే వాగులు, పొంగినప్పుడు కింది అంతస్తుల్లోకి నీరు వస్తుంది. అద్దె తక్కువగా ఉండడానికి ఇదే కారణం కావచ్చు.

9.5 ఒప్పందం

అద్దె ఒప్పందాలు సాధారణంగా 11 నెలలకు రాస్తారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన కౌలును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. అందుకే ఈ పద్ధతి. ఖాళీ చేయడానికి ఎంత గడువు ఇవ్వాలో కూడా రాయించండి. వేరే ఒప్పందం లేకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కింద నెలవారీ నివాసపు అద్దెను ముగించడానికి 15 రోజుల నోటీసు చాలు. పిల్లలు బడికి వెళ్ళే ఇంటికి 15 రోజులు ఎంత తక్కువో ఆలోచించండి.

ఒప్పందంలో ఇవి ఉండాలి:
1. అద్దె, చెల్లించవలసిన తేదీ
2. డిపాజిట్ మొత్తం, తిరిగి ఇచ్చే గడువు
3. కరెంటు, నీరు, సొసైటీ ఖర్చులు ఎవరివి
4. అద్దె ఎప్పుడు, ఎంత పెరుగుతుంది
5. ఖాళీ చేయడానికి నోటీసు గడువు

ఒప్పందం గుజరాతీలో ఉంటే, చదవడం వచ్చిన మనిషితో మొత్తం చదివించుకుని, అర్థమైన తరువాతే సంతకం చేయండి. ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. డిపాజిట్‌కు, ప్రతి నెల అద్దెకు రసీదు తీసుకోండి. అద్దెదారుల వివరాలు పోలీసు స్టేషనుకు తెలపాలని యజమానులకు పోలీసు ప్రకటనలు వస్తుంటాయి. కాబట్టి యజమాని మీ గుర్తింపు పత్రాలు అడిగితే అనుమానించవద్దు. ఇచ్చే నకలుపై "అద్దె కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేయండి.

పాఠంలోని ప్రశ్నలు 9.2
1. ఒప్పందాలు 11 నెలలకే ఎందుకు రాస్తారు?
2. నోటీసు గడువు రాయించకపోతే నష్టం ఏమిటి?

9.6 మీరు ఏం నేర్చుకున్నారు?

సమాచారం, నమ్మకం మనమే సంపాదించుకుంటే దలాలీ మిగులుతుంది. అయితే దలాలీ మిగిలిందన్న సంతోషంలో కాగితం మరచిపోతే, 6,000 మిగిల్చి 12,000 పోగొట్టుకునే ప్రమాదం ఉంది. దళారి తప్పనిసరి అయితే, ఇల్లు చూడకముందే అతని రుసుము ఎంతో మాట్లాడుకోండి.

9.7 పాఠాంత కృత్యం

మీ వీధిలో అద్దెకు ఉంటున్న ఇద్దరిని కలవండి. ఇల్లు ఎలా దొరికింది, రాతపూర్వక ఒప్పందం ఉందా, డిపాజిట్‌కు రసీదు ఉందా అని అడిగి పది వాక్యాలు రాయండి.

జవాబులు
9.1 : 1. సమాచారం, నమ్మకం. 2. 15,000 రూపాయలు.
9.2 : 1. ఏడాదికి మించితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి. 2. 15 రోజుల నోటీసుతోనే అద్దె ముగించే వీలు యజమానికి ఉంటుంది.