బుజ్జికి, నానమ్మ వంటల సైటు గురించి

తెనాలి

చిరంజీవి బుజ్జికి,



నానమ్మ వంటల నోటుపుస్తకాన్ని సైటుగా పెడుతున్నానని నువ్వు చెప్పినప్పుడు నాకు ఎంత సంతోషమైందో మాటల్లో చెప్పలేను. పంపిన లింకు రెండు రోజులుగా చూస్తున్నాను. లాప్‌టాప్‌లో చూశాను, నా ఫోన్‌లో చూశాను, ఆఖరికి మీ పెద్దమ్మ ఫోన్ తీసుకుని వంటింట్లో నిలబడి చూశాను. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతామని కూర్చుని రాస్తున్నాను.

ఈ సైటు ఎవరికోసమని అడిగితే అందరికోసం అన్నావు. అలా అనుకుంటే ఏది ముందు పెట్టాలో ఏది వెనక పెట్టాలో ఎప్పటికీ తేలదు తల్లీ. కొత్తగా వేరే ఊళ్ళో కాపురం పెట్టిన ఒక అమ్మాయి మే నెలలో మొదటిసారి ఆవకాయ కలుపుతోందనుకో. చేతుల నిండా నూనె, కారం. ఫోన్ గట్టు మీద డబ్బాకి ఆనించి ఉంది. ఆవపిండి ఎంత వెయ్యాలో ఆ క్షణాన తెలియాలి. ఆ అమ్మాయిని కళ్ళముందు పెట్టుకుని పని చెయ్యి.

ఇప్పుడు నీ ఆవకాయ పేజీ తెరిస్తే ముందు వచ్చేది తెర నిండా జాడీ ఫొటో. అది నాలుగు ఎంబీ ఉంది. పెద్దమ్మ ఫోన్‌లో సగం వచ్చి చాలాసేపు ఆగిపోయింది. ఫొటో బాగుంది, తీసెయ్యమనను. వెడల్పు 1200 పిక్సెళ్ళకు తగ్గించి వెబ్‌పీగా మార్చు, రెండు మూడు వందల కేబీలకు దిగుతుంది. కొలతలు పైన పెట్టు, కలిపే పద్ధతి ఆ తర్వాత, ఫొటో ఆ కింద. ఫొటో ఎత్తు, వెడల్పు కోడ్‌లోనే రాయి. రాయకపోతే ఫొటో దిగేసరికి దాని కింద చదువుతున్న వరస ఇంకా కిందికి జారిపోతుంది. కారం చేత్తో మళ్ళీ వెతుక్కోవాలి.

కొలతల్లో నానమ్మ అరసోల, గిద్దె అని రాసింది. నువ్వు వాటిని కప్పులు చేసేశావు. నానమ్మ మాట అలాగే ఉంచి, పక్కన గ్రాములు రాయి. నానమ్మ కొలిచే సోల ఇంకా మన ఇంట్లోనే ఉంది. ఆవపిండి ఒకసారి, ఉప్పు ఒకసారి, కారం ఒకసారి దాంతో కొలిచి తూకం వేస్తే సరి. ఒకే కొలతకు మూడింటి బరువూ ఒకటిగా ఉండదు కాబట్టి వేటికవి తూచాలి.

ఇక అక్షరాల సంగతి. నేను ఇరవై ఏళ్ళు డీటీపీ చేసినవాణ్ణి కనుక ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. నీ పేజీలో "పచ్చిమిర్చి" అన్న మాట చూడు. చ్చ కింద ఒత్తు, ర్చ కింద ఒత్తు. ఆ కింది వరసలోనే "కొబ్బరి" ఉంది. పై వరస ఒత్తులు వచ్చి కింది వరస గుడుల మీద కూర్చున్నాయి. మన లిపికి పైన తలకట్లు, గుడులు ఉంటాయి, కింద ఒత్తులు దిగుతాయి. ఇంగ్లీషుకు సరిపోయే ఎడం మనకు చాలదు. సీసపు అచ్చుల రోజుల్లో వరసల మధ్య సన్నని సీసపు బద్దలు పెట్టేవారు, దాన్నే లీడింగ్ అంటాం. వెబ్‌లో ఆ పని చేసేది లైన్-హైట్. నువ్వు 1.2 పెట్టావు. 1.7 చేసి చూడు, పేజీకి ఊపిరి ఆడుతుంది.

శీర్షికలో అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్-స్పేసింగ్ వాడావు. దాన్ని తీసెయ్యి, తెలుగు మాట ముక్కలైనట్టు కనిపిస్తోంది. వాలు అక్షరాలు కూడా వద్దు. మన లిపికి ఇటాలిక్ సంప్రదాయం లేదు, బ్రౌజరు నిటారు అక్షరాన్నే పక్కకు వంచి చూపిస్తుంది. ఏదైనా ఎత్తి చూపాలంటే కొటేషన్లో పెట్టు, లేదా రంగు మార్చు. రెండు పక్కలా అంచులు సమంగా ఉండాలని జస్టిఫై చేశావు కదా, తెలుగు మాటలు పొడుగు కావడంతో ఫోన్ తెర మీద మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు పడ్డాయి. ఎడమ అంచు ఒక్కటీ సమంగా ఉంటే చాలు.

మూడు ఫాంట్లు దించుతున్నావు. ఒత్తులన్నీ కలిపి కూర్చాల్సి రావడంతో తెలుగు ఫాంట్ ఫైళ్ళు బరువుగా ఉంటాయి, రెండు చాలు. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా అందించిన మండలి, రామభద్ర గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. వంట రాయడానికి మండలి, వంట పేర్లకు రామభద్ర తీసుకో. ఫాంట్ దిగేదాకా తెర ఖాళీగా ఉండకుండా, ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంట్‌తోనే ముందు చూపించేలా ఫాంట్-డిస్‌ప్లే దగ్గర స్వాప్ అని పెట్టు.

లేత పసుపు మీద బూడిద రంగు అక్షరాలు నీకు కనిపిస్తాయి. శుక్లాల ఆపరేషనైన నానమ్మకు కనిపించవు. అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణం చెబుతోంది. దాన్ని కొలిచే పనిముట్లు ఉచితంగా ఉన్నాయి.

పేజీల చిరునామాలు తెలుగులో పెట్టావు. నీ అభిమానం నాకు అర్థమైంది, కానీ ఒక లెక్క చూడు. ఆవకాయ అన్న మాటకు యూనికోడ్‌లో ఐదు గుర్తులు: ఆ, వ, క, దీర్ఘం, య. ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. లింకును కాపీ చేసినప్పుడు చాలాచోట్ల ఒక్కో బైటు ఒక శాతం గుర్తూ రెండు అంకెలో అక్షరాలో అవుతుంది. అంటే ఆ చిన్న మాట 45 అక్షరాల తోకగా మారుతుంది. వాట్సాప్‌లో దాన్ని చూసినవాళ్ళు నొక్కడానికి భయపడతారు. చిరునామా ఇంగ్లీషు చిన్నక్షరాల్లో పెట్టు, పేజీలో తెలుగును నిండుగా ఉంచు. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో చెప్పడం మాత్రం మరవకు, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది కావాలి. ఒకసారి పెట్టిన చిరునామా మార్చకు. వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే దీని మీద ప్రత్యేకంగా వ్యాసం రాశాడు.

నాకు జరిగిన నష్టం ఒకటి చెబుతాను. 2002లో మీ తాతయ్య వ్యాసాలు టైపు చేసి, ఉచితంగా చోటిచ్చే ఒక సైటులో పెట్టాను. అప్పటి ఫాంట్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చినవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తాతయ్య మాటలు అర్థంలేని గుర్తులుగా వచ్చేవి. కొన్నేళ్ళకు ఆ సైటే మూతపడింది. రాతప్రతి బీరువాలో భద్రంగా ఉండబట్టి, ఒక వేసవంతా కూర్చుని యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేశాను. అలాగే ఉచితంగా చోటిచ్చిన జియోసిటీస్ సైటును 2009లో మూసేసినప్పుడు లక్షల మంది సొంత పేజీలకూ ఇలాంటి గతే పట్టింది.

అందుకే డొమైన్ నీ పేరు మీద కొనుక్కో, ఏటా గడువు తేదీ క్యాలెండర్లో రాసుకో. పేజీలు ఉత్త హెచ్‌టీఎంఎల్‌లో ఉంచు. వెబ్ తొలినాటి పేజీల ప్రతిని వెబ్ పుట్టిన సెర్న్ పరిశోధన సంస్థ 2013లో పాత చిరునామాలోనే మళ్ళీ పెట్టింది. అది ఇవాళ్టి ఫోన్‌లోనూ తెరుచుకుంటుందంటే కారణం ఆ సాదాతనమే. సైటు మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లో ఒక ప్రతి, మీ నాన్న కంప్యూటర్లో ఒక ప్రతి దాచు. నోటుపుస్తకంలోని ప్రతి పేజీనీ ఫొటో తీసి పెట్టు. ఇంటి చిరునామా, ఫోన్ నంబర్లు మాత్రం ఆ ఫొటోల్లో కనబడనివ్వకు.

ఇవన్నీ అయ్యాక ఒక ఆదివారం ఇక్కడికి రా. నానమ్మ చేతికి ఫోనిచ్చి, "మాగాయ చూడు నానమ్మా" అని మాత్రం అని పక్కన కూర్చో. ఎక్కడ నొక్కాలో చెప్పకు. ఆవిడ వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ కళ్ళు చికిలించిందో, ఎక్కడ ఫోన్ దూరంగా పట్టుకుందో కాగితం మీద రాసుకో. దిద్దాల్సినవి నాకంటే ఆవిడే బాగా చూపిస్తుంది. అది అయ్యాక సోల బయటికి తీద్దాం, నేను తూకం తెచ్చి ఉంచుతాను.

మీ నాన్నకూ అమ్మకూ మేం అడిగామని చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న