ఉమ్మడి పథకంలో సమాచార వినిమయం

ఐదుగురు రైతులు కలసి ఒక బోరుబావికి బిందు సేద్య పరికరాలు అమర్చుకొనదలచి బ్యాంకు రుణం తీసుకున్నారనుకుందాం. రుణం మంజూరయింది. డీలరు సమర్పించిన ఇన్‌వాయిస్ ప్రకారం బ్యాంకు సొమ్మును నేరుగా ఆయన ఖాతాకు చెల్లించింది. అయినా పైపులు పొలానికి చేరేసరికి నెలన్నర గడిచింది. ఈలోగా టమోటా నారు మడిలోనే ముదిరిపోయింది. తప్పెవరిది?

విచారిస్తే ఎవరూ తమ పని మానలేదని తేలుతుంది. కాలువలు తవ్వామని కబురు రాగానే సరకు పంపుదామని డీలరు ఆగాడు. సరకు వచ్చాక తవ్వుదామని రైతులు ఆగారు. అమరిక పూర్తయి ఉంటుందని బ్యాంకు అధికారి భావించారు. లోపించినది సొమ్ము కాదు, శ్రమ కాదు. ఒకరి నుండి మరొకరికి చేరవలసిన మాట. సొమ్ము చెల్లించిన నాటి నుండి వడ్డీ మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. అందుచేత సమాచార వినిమయాన్ని కూడా పైపులు, మోటారుతో సమానంగా పథకంలో ఒక భాగంగా పరిగణించవలసి ఉంటుంది.

దారులను లెక్కించండి

ఐదుగురు సభ్యులలో ప్రతి ఒక్కరూ మిగిలిన వారందరితో మాట్లాడాలంటే 10 దారులు ఏర్పడతాయి. వారికి డీలరు, బ్యాంకు అధికారి, విద్యుత్ సిబ్బందిలో ఒకరు తోడైతే మొత్తం ఎనిమిది మంది, దారులు 28. ఉమ్మడి బాధ్యతా బృందంలో సాధారణంగా 4 నుండి 10 మంది వరకు సభ్యులుంటారు. పదిమంది ఉన్న బృందంలో సభ్యుల మధ్యనే 45 దారులు. ఇన్ని దారులలో మాట తప్పిపోవడం వింత కాదు. 'పదిమందిలో పాము చావదు' అన్నట్లు, మరొకరు చెప్పి ఉంటారులే అని ప్రతివారూ ఊరుకుంటారు.

ఇందుకు నివారణ ఒక ప్రతినిధిని ఎన్నుకోవడం. ఎనిమిది మందిలో ఒకరు మిగిలిన ఏడుగురితో సంబంధం పెట్టుకుంటే 28 దారులు ఏడుకు తగ్గుతాయి. అయితే ఇందులో ఒక ప్రమాదమున్నది. ఆ ఒక్కరు మాటను తనలోనే దాచుకుంటే ఏడు దారులూ మూసుకుపోతాయి. కాబట్టి ఆయనకు బదులుగా వ్యవహరించే రెండవ ప్రతినిధిని కూడా నియమించుకోండి. వారానికి ఒక రోజు నిర్ణయించుకొని అందరూ సమావేశమై, వచ్చిన ఉత్తరాలను, రసీదులను అందరి ఎదుట చదివించండి.

ఎవరికి ఏ మాట అవసరం?

అందరికీ అన్నీ చెప్పనక్కరలేదు. ఎవరు ఏ నిర్ణయం తీసుకోవాలో గుర్తించి, అందుకు తగిన సమాచారం ఆ నిర్ణయానికి ముందే అందించాలి.

సభ్యులకు: రుణ మొత్తం, తమ వంతు మార్జిను సొమ్ము, వడ్డీ రేటు, మొదటి వాయిదా తేదీ. మంజూరు పత్రం ప్రతినిధి ఒక్కరే చదివితే చాలదు. చదవలేనివారికి చదివి వినిపించాలి. ఇంటి జమాఖర్చులు చూసే స్త్రీలకు వాయిదా తేదీ తప్పక తెలియాలి.

డీలరుకు: పొలం కొలతలు, బావిలో నీటి లభ్యత, వేయబోయే పైరు, నాటే తేదీ. డీలరు సైతం సరకు ఆలస్యమవుతుందని గ్రహించిన నాడే తెలియజేయాలి. గడువు దాటిన తరువాత చెప్పే కారణం నిజమైనా రైతుకు ఉపకరించదు.

బ్యాంకుకు: సరకు చేరిన తేదీ, అమరిక పూర్తయిన తేదీ, కొటేషన్‌లో లేని మార్పులు.

పొరుగు రైతులకు: పైపులైను వారి గట్టు మీదుగా పోవలసి ఉంటే తవ్వకానికి ముందే. పార పడిన తరువాత అడిగే అనుమతి తగాదాకు దారి తీస్తుంది.

మాటకు కాగితం తోడు

ఫోనులో చెప్పిన మాటను వెంటనే తీర్మాన పుస్తకంలో తేదీతో సహా వ్రాయండి. సెల్‌ఫోను సందేశం త్వరగా చేరుతుంది. ముఖ్య విషయాలకు మాత్రం ఉత్తరం వ్రాసి, నకలుపై ముట్టినట్లు సంతకం, ముద్ర తీసుకోండి. సరకును కొటేషన్‌తో సరిపోల్చి, లెక్కించిన తరువాతనే డెలివరీ చలానాపై సంతకం చేయండి. ఇది అపనమ్మకం కాదు, ఉభయులకూ రక్షణ.

చెడు వార్త ముందుగా

బోరు ఎండినా, పైరు దెబ్బతిన్నా వాయిదా తేదీ వరకు మౌనం వహించడం మన అలవాటు. బ్యాంకు గుమ్మం తొక్కడానికి మొగమాటపడతాము. కాని గడువుకు ముందే తెలిపినవారి పరిస్థితిని అధికారి స్వయంగా వచ్చి పరిశీలించగలరు. నియమాలు అనుమతించిన మేరకు వాయిదాల సవరణకు సిఫారసు చేయగలరు. గడువు మీరిన తరువాత ఆ వెసులుబాటు తగ్గిపోతుంది.

గ్రామంలోనే ఒక పాఠం

సమాచారం అందరికీ సమానంగా అందితే ఏమి జరుగుతుందో తెలిపే అనుభవం మన వద్దనే ఉన్నది. 2000వ దశకంలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం మొదలైన ఏడు కరవు జిల్లాలలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో రైతుల భూగర్భ జల యాజమాన్య పథకం నడిచింది. రైతులే వర్షపాతాన్ని, బావులలో నీటి మట్టాన్ని కొలిచి గ్రామంలోని బోర్డుపై వ్రాసేవారు. రబీకి ముందు అందరూ కూడి, ఉన్న నీరెంత, అనుకున్న పైర్లకు కావలసిన నీరెంత అని లెక్క వేసుకునేవారు. ఏ పైరు వేయాలన్నది రైతు ఇష్టానికే విడిచిపెట్టారు. ఆజ్ఞ లేకపోయినా, లెక్క కళ్ళ ఎదుట ఉన్నందున పలువురు తక్కువ నీటి పైర్ల వైపు మొగ్గారు. మీ పథకానికి కూడా అటువంటి బోర్డు ఒకటి ఏర్పరచుకోవచ్చును.

మననం చేసుకోవలసినవి

1. ప్రతినిధి ఒకరు, బదులు ప్రతినిధి మరొకరు.
2. వారానికొక సమావేశం, తేదీలతో తీర్మాన పుస్తకం.
3. నిర్ణయానికి ముందే సమాచారం.
4. ముఖ్య విషయానికి ఉత్తరం, ముట్టినట్లు సంతకం.
5. చెడు వార్త గడువుకు ముందే.

ఈ సాయంత్రమే మీ బృందంలో ప్రతి ఒక్కరినీ మొదటి వాయిదా తేదీ అడిగి చూడండి. ఐదుగురూ ఒకే తేదీ చెప్పగలిగితే మీ పథకానికి పునాది గట్టిపడినట్లే.