ప్రతిభకు ఆమోదం వేరు, గ్రీన్ కార్డు వేరు

జహీరాబాద్ దగ్గర మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) పెట్టిన పచ్చసాలె అనే బడిలో చదువుతోపాటు చేతిపనులూ నేర్పారు. అలాంటి బడిలో పాఠం చెప్పడం ఒక పని, ఆ బోధన ఎందుకు ఫలించిందో పరిశోధించి నలుగురికీ అందించడం మరో పని. అమెరికా ఉపాధి ఆధారిత గ్రీన్ కార్డుల్లో ఈబీ-2 కేటగిరీ ఉంది. అందులో యజమాని ఉద్యోగ ఆఫర్ లేకుండానే దరఖాస్తు చేసుకోనిచ్చే ‘జాతీయ ప్రయోజన మినహాయింపు’ ఈ రెండింటినీ ఒకే గాటన కట్టదు. దీనికి 2016 నాటి ధనసర్ నిర్ణయమే ఆధారం. (ఇది కోర్టు తీర్పు కాదు, వలస శాఖ అప్పీళ్ల కార్యాలయం ఇచ్చింది.) ఏరోస్పేస్ రంగంలో పరిశోధన, బోధన రెండూ చేసే దరఖాస్తుదారుకు పరిశోధన బలంతోనే ఆమోదం దక్కింది. బోధన విలువైనదేనన్నారు గానీ, దాని ప్రభావం తరగతి గది దాటి దేశమంతటికీ విస్తరిస్తుందనడానికి రుజువు చాలలేదన్నారు.

ఇది ఉపాధ్యాయులను చిన్నచూపు చూడటమేనని కొందరంటారు. నాకలా అనిపించదు. ఇక్కడ తూచేది వృత్తి గౌరవాన్ని కాదు, పని ఎంత దూరం పాకుతుందన్నదాన్ని. విద్యా పరిశోధకులు కూడా పత్రాల సంఖ్య కన్నా, తమ పద్ధతిని ఎవరు వాడుకున్నారో చూపించాలి. అయితే ప్రతిభ ఒక్కటే చాలుననే వాదనకు మాత్రం ఆధారం లేదు. యజమాని లేకుండా సొంతంగా వేసుకున్న ఐ-140 (వలస పిటిషన్) ఆమోదం పొందినంత మాత్రాన చేతికి గ్రీన్ కార్డు రాదు. ఉపాధి ఆధారిత వీసాలు ఏటా సుమారు 1,40,000. సాధారణంగా ఏ దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వరు, అందుకే దరఖాస్తులు ఎక్కువున్న దేశాలవారు వరుసలో ఆగాలి. ఆ లెక్కకు పౌరసత్వం కాదు, పుట్టిన దేశమే కొలమానం. జహీరాబాద్‌లో పుట్టినవారు కెనడా పౌరులైనా భారత్ వరుసలోనే నిలబడాలి. జీవిత భాగస్వామి వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ వరుసకు మారే వీలుంది.