డార్జిలింగ్ కొండ ఎక్కిన ఒంటరి ఇంజను

డార్జిలింగ్ కొండ రైలు పేరు మీరు వినే ఉంటారు. పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురి మైదానం నుంచి హిమాలయాల మీదికి 1881లో వేసిన దారి ఇది. పట్టాల మధ్య దూరం రెండడుగులే. ఈ దారి ఘూమ్ స్టేషను దగ్గర సముద్రమట్టానికి 2,258 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. 1999లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

1911లో ఈ దారి మీదికి ఒక విచిత్రమైన ఇంజను వచ్చింది. ఇంగ్లండులోని మాంచెస్టరులో బేయర్ పీకాక్ అనే కంపెనీ దానిని తయారు చేసింది. డి తరగతి అని పేరు పెట్టారు. తరగతి అన్నమాటే గాని అందులో ఉన్నది ఆ ఒక్క ఇంజనే. దాని వంటిది మరొకటి ఈ దారికి రాలేదు. అది ఎందుకు పుట్టింది? ఎందుకు ఒంటరిగా మిగిలింది? ఒక లెక్కతో మొదలుపెడదాం.

కొండ ఎక్కడంలో కష్టం

25 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు ఎత్తు పెరిగే వాలు అనుకోండి. ఆ వాలు మీద ఒక టన్ను బరువును గురుత్వాకర్షణ సుమారు 40 కిలోల బలంతో కిందికి లాగుతుంది. చక్రాల రాపిడికీ, మలుపుల రాపిడికీ మరో 20 కిలోలు కలుపుదాం. అంటే టన్నుకు 60 కిలోల లాగుడు కావాలి.

ఈ లాగుడు ఎక్కడి నుంచి వస్తుంది? ఆవిరి ఎంత బలంగా తోసినా, చక్రం పట్టాను పట్టుకోకపోతే ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. ఆ పట్టును ఇచ్చేది ఘర్షణ. పొడి పట్టాల మీద అది చక్రాలపై పడే బరువులో సుమారు నాలుగో వంతు. డార్జిలింగ్ దారిలో 1889 నుంచి నడిచిన బి తరగతి ఇంజను బరువు సుమారు 14 టన్నులు. అందులో నాలుగో వంతు 3,500 కిలోలు. దీనిని 60తో భాగిస్తే 58 టన్నులు. ఇందులో ఇంజను బరువు 14 టన్నులు తీసివేస్తే, పెట్టెలకు మిగిలేది 44 టన్నులే.

వాన పడితే? పట్టు ఆరో వంతుకు పడిపోయిందనుకోండి. ఇదే లెక్క చేస్తే పెట్టెలకు 25 టన్నులే మిగులుతాయి. అందుకే ఈ ఇంజను ముందు భాగాన మనుషులు కూర్చుని పట్టాల మీద ఇసుక చల్లేవారు. ఇసుక ఘర్షణను పెంచుతుంది.

పెద్ద ఇంజను పెట్టకూడదా?

మీకు ఈ ప్రశ్న తోచే ఉంటుంది. బి తరగతి ఇంజనుకు రెండే ఇరుసులు. ఒక్కొక్క ఇరుసు మీద 7 టన్నుల బరువు పడుతుంది. ఆ ఇరుసుల మీదే ఇంకా బరువు వేస్తే సన్నని పట్టాలు, వంతెనలు ఓర్చుకోలేవు. పోనీ, ఇరుసుల సంఖ్య పెంచుదామా? ఒకే చట్రానికి నాలుగు ఇరుసులు బిగిస్తే ఇంజను పొడవు పెరుగుతుంది. ఈ దారిలో కొన్ని మలుపుల వ్యాసార్థం సుమారు 20 మీటర్లే. పొడవైన చట్రం అక్కడ తిరగదు.

బరువు పెరగాలి, ఇరుసు మీద భారం పెరగకూడదు, మలుపు తిరగాలి. ఈ మూడూ ఒకేసారి ఎలా సాధ్యం?

పల్లకి ఉపాయం

పల్లకిని ఇరుకు సందులో ఎలా తిప్పుతారో ఊహించండి. ముందు బోయీలు ముందుగా తిరుగుతారు, వెనుక బోయీలు తరువాత తిరుగుతారు. పల్లకి మధ్యలో వేలాడుతూ ఉంటుంది. హెర్బర్ట్ విలియమ్ గారట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు రూపకల్పన అచ్చం ఇలాంటిదే. ముందొక చిన్న చక్రాల బండి, వెనుకొకటి. ఒక్కొక్క దానికి సొంత సిలిండర్లు, పిస్టన్లు ఉంటాయి. ఈ రెండు బండ్ల నడుమ, ఇరుసు కీళ్ళ మీద, బాయిలరు పల్లకిలా నిలుస్తుంది. నీళ్ళ తొట్టి, బొగ్గు ఆ బండ్ల మీదే ఉంటాయి. వాటి బరువు కూడా చక్రాలకు పట్టునిస్తుంది.

డార్జిలింగ్ గారట్ బరువు సుమారు 28 టన్నులు. ఇరుసులు నాలుగు. అంటే ఇరుసుకు మళ్ళీ 7 టన్నులే! పట్టు మాత్రం రెట్టింపు. మన లెక్క ప్రకారం పొడి పట్టాల మీద 88 టన్నుల పెట్టెలను లాగవచ్చు.

ఇంకో లాభం కూడా ఉంది. బాయిలరు కింద చక్రాలు లేవు. కనుక దానిని పొట్టిగా, లావుగా చేయవచ్చు. పొయ్యిని లోతుగా పెట్టవచ్చు. ఆవిరి బాగా పుడుతుంది.

నష్టాలు లేవా? ఉన్నాయి. బాయిలరు నుంచి కదిలే బండ్లకు ఆవిరి పోవాలంటే గొట్టాలకు కీళ్ళు కావాలి. కీలున్నచోట ఆవిరి కారే ప్రమాదం ఉంటుంది. పైగా దారిలో నీళ్ళు, బొగ్గు ఖర్చయ్యేకొద్దీ చక్రాల మీద బరువు తగ్గి పట్టు సడలుతుంది.

మరి ఒక్కటే ఎందుకు?

ఇంజను ఒక్కటే కొండ ఎక్కదు, దారి కూడా దానికి తగ్గట్టుండాలి. ఈ దారిలో రైలు కొన్నిచోట్ల ముందుకు పోయి, వెనక్కు తోసుకుంటూ, మళ్ళీ ముందుకు సాగుతూ జడ అల్లినట్టు ఎక్కుతుంది. ఆ కొసల్లో పట్టాలు ఎంత పొడవుంటే రైలు కూడా అంతే పొడవుండాలి. ఇంజనుకు రెట్టింపు బలం ఉన్నా, రెట్టింపు రైలుకు చోటుండాలి కదా? ఇక్కడ ఒక రైలును చిన్న చిన్న ముక్కలు చేసి, ఒకదాని వెనుక ఒకటిగా చిన్న ఇంజన్లతో నడిపే పద్ధతి ఉండేది. ఒక ఇంజను చెడితే అదే రకం మరొకటి దొరికేది. ఒంటరి ఇంజనుకు ఆ సౌకర్యం లేదు. దాని విడిభాగాలు ఇంకో ఇంజనుకు పనికిరావు. బి తరగతి ఇంజన్ల తయారీ 1920ల వరకు సాగింది. గారట్‌ను 1954లో తుక్కు కింద తీసివేశారు.

అంతమాత్రాన గారట్ ఆలోచన తప్పని అనుకోకండి. మొదటి గారట్ 1909లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకు వెళ్ళింది. అది నేటికీ బ్రిటన్‌లో భద్రంగా ఉంది. ఆఫ్రికాలో ఈ రకం ఇంజన్లు వందల సంఖ్యలో నడిచాయి. మన వాల్తేరు దాకా రైళ్ళు నడిపిన బెంగాల్ నాగపూర్ రైల్వే కూడా 1929లో 230 టన్నులకు పైబడిన గారట్‌లను తెప్పించింది. వాటిలో ఒకటి ఢిల్లీ రైలు మ్యూజియంలో ఉంది. మంచి యంత్రం వేరు, ఒక చోటికి తగిన యంత్రం వేరు. ఇంజనీరు ఈ రెండింటినీ విడివిడిగా పరీక్షించాలి.

చేసి చూడండి

నేల మీద సుద్దముక్కతో వంపు గీత గీయండి. రెండు అగ్గిపెట్టెలను కొంత ఎడంగా ఆ గీత మీద పెట్టి, వాటి మీద స్కేలు ఆనించండి. స్కేలు మధ్యభాగం గీతకు లోపలి వైపున ఉందా, బయటి వైపునా? మలుపులో వేగంగా పోయే బండి బయటికి ఒరగబోతుంది. అలాంటప్పుడు బరువైన బాయిలరు ఏ వైపుకు జరిగితే మేలు? ఆలోచించి జవాబు మీ నోటుబుక్కులో రాయండి.