ఒకే మోటారు, మూడు పనులు: ఇంటి షెడ్డులో కంబైన్డ్ మిషన్ పెట్టుకోవచ్చా?

మన మ్యాగజైన్‌లో అందరూ కవితలు రాస్తున్నారు. నాకు కవిత రాదు. చదివింది ఇంగ్లీష్ మీడియం, వచ్చిన తెలుగులో సగం మా బాబాయి దగ్గర విన్నదే. అందుకే బాబాయి అడిగిన ఒక ప్రశ్న మీద ఈ వ్యాసం.

బాబాయి వడ్రంగి. ఇరవై ఏళ్లు వేరేవాళ్ల షాపుల్లో కూలికి చేశాడు. ఇప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులో సొంతంగా పని పెట్టుకుందామని చూస్తున్నాడు. షెడ్డు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. దాచుకున్న డబ్బు ఒక్క మిషన్‌కే వస్తుంది. సంక్రాంతికి ఇంటికెళ్తే, "ఒరేయ్, కంప్యూటర్లు చదువుతున్నావు కదా, కంబైన్డ్ మిషన్ కొనొచ్చో లేదో లెక్క కట్టి చెప్పరా" అన్నాడు. కట్టాను.

అసలు ఏంటీ మిషన్?

వేర్వేరు మిషన్లు చేసే పనుల్ని ఒకే దిమ్మ మీదకి తెచ్చిందే కంబైన్డ్ మిషన్. ఈ ఐడియా పాతదే. అమెరికాలో హాన్స్ గోల్డ్‌స్మిట్ అనే ఆయన 1940ల్లోనే షాప్‌స్మిత్ అనే మిషన్ చేశాడు. ఇంట్లో చిన్న జాగాలో చెక్కపని చేసుకునేవాళ్ల కోసమే అది. యూరప్‌లో చేసే పెద్ద మోడళ్లలో కొన్నింటికి మూడు మోటార్లు కూడా ఉంటాయి.

మేం ఊళ్లో చూసింది అంత పెద్దది కాదు. కింద ఒక 2 హెచ్‌పీ మోటారు, బెల్టు, పైన ఒకే షాఫ్టు. షాఫ్టు మధ్యలో చిత్రిక పట్టే బ్లేడ్ల రోలర్, ఒక చివర గుండ్రటి రంపం, ఇంకో చివర బెజ్జాలు వేసే డ్రిల్లు. షాఫ్టు ఒకటే కాబట్టి స్పీడూ ఒకటే. చిత్రికకి ఆ స్పీడు కావాలి. లావు డ్రిల్ బిట్‌కి మాత్రం అది ఎక్కువ, బెజ్జం అంచు నల్లగా కాలుతుంది.

జాగా లెక్క

"జాగా కలిసొస్తుంది" అనే మాట సగమే నిజం. మిషన్ ఆక్రమించే జాగా తగ్గుతుంది, కర్రకి కావాల్సిన జాగా తగ్గదు. ద్వారబంధం నిలువు కర్ర 7 అడుగులు అనుకోండి. బ్లేడుకి ముందు 7 అడుగులు, దాటాక 7 అడుగులు, మొత్తం 14 కావాలి. మా షెడ్డు 12. గోడలు జరపలేం కాబట్టి, మిషన్‌ని తలుపుకి ఎదురుగా వరసలో పెట్టి, కర్ర చివర తలుపులోంచి బయటికి వెళ్లేలా చూడాలి. కొనకముందే నేల మీద సుద్దముక్కతో గీసి చూసుకోవడం మంచిది.

కరెంటు లెక్క

1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. 2 హెచ్‌పీ అంటే సుమారు 1500. మోటారు నష్టాలు, పవర్ ఫ్యాక్టర్ కలుపుకుంటే 230 వోల్టుల సింగిల్ ఫేజ్ మీద దాదాపు 10 ఆంపియర్లు లాగుతుంది. స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు. ఫ్యాన్లు, ఛార్జర్లు పెట్టే 6 ఆంపియర్ల సాకెట్ పనికిరాదు. విడిగా వైరు, ఎంసీబీ, సరైన ఎర్త్ ఉండాలి. ఇంకోటి: మామూలు స్విచ్ కాదు, స్టార్టర్ పెట్టాలి. కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు మిషన్ దానంతటదే తిరగకూడదు. ఆ టైంలో చెయ్యి ఎక్కడుంటుందో ఎవరికి తెలుసు?

టైం లెక్క

ఇది మన సబ్జెక్టు. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో కాంటెక్స్ట్ స్విచ్ చదివాం కదా. ఒక పని ఆపి ఇంకో పనికి మారడానికే కొంత ఖర్చవుతుంది. ఈ మిషన్ కూడా సింగిల్ కోర్ ప్రాసెసరే. చిత్రిక నుంచి రంపానికి మారాలంటే బ్లేడు బిగించాలి, గైడు సరిచెయ్యాలి, మూలమట్టంతో చూసుకోవాలి. నేను ఫోన్‌లో టైం చూశాను, సుమారు 12 నిమిషాలు.

ఆరు స్టూళ్లు చెయ్యాలి, ఒక్కోదానికి చిత్రిక, రంపం, బెజ్జం, మూడు దశలు. ఒక స్టూలు పూర్తిచేసి ఇంకోటి మొదలుపెడితే 18 దశలు, 17 మార్పులు. అంటే 204 నిమిషాలు ఉత్తి మార్పులకే. ఆరింటి కర్రలూ ఒకేసారి చిత్రిక పట్టి, తర్వాత అన్నీ కోసి, తర్వాత అన్నిటికీ బెజ్జాలు వేస్తే రెండే మార్పులు, 24 నిమిషాలు.

ఈ లెక్క గొప్పగా చూపిస్తే బాబాయి నవ్వాడు. "మరి చివర్లో ఒక కాలు చీలితే? మళ్లీ మొదటికి రావాలిగా. అందుకే ఇరవై నాలుగు కాళ్లకి ఇరవై ఆరు తియ్యాలి" అన్నాడు. మనం బ్యాకప్ అంటాం, ఆయనకి అది అనుభవం.

వేళ్ల లెక్క

బాబాయి ఎడమ చూపుడు వేలికి చివరి కణుపు లేదు. రంపం కోసిందనే నేను చిన్నప్పట్నుంచీ అనుకున్నా. ఈసారి అడిగాను. ఆ రోజు ఆయన రంపం మీదే కోస్తున్నాడట. కానీ షాఫ్టు ఒకటే కదా, పక్కన చిత్రిక బ్లేడ్లు కూడా తిరుగుతున్నాయి. వాటి మీద మూత లేదు. పడబోయిన ముక్కని పట్టుకోబోయాడు. "వాడని బ్లేడే కోసిందిరా" అన్నాడు.

ఇక్కడే నా టైం లెక్కకి అసలు అర్థం తెలిసింది. చిత్రిక పట్టేటప్పుడు రంపం బ్లేడు తీసెయ్యాలి, రంపం వాడేటప్పుడు చిత్రిక మీద మూత బిగించాలి. రోజుకి 17 సార్లు మార్చేవాడు ఎప్పుడో ఒకసారి "ఈ ఒక్కసారికీ ఏం కాదులే" అంటాడు. రెండుసార్లే మార్చేవాడికి ఆ తొందర ఉండదు.

తిరిగే బ్లేడు దగ్గర గ్లౌజులు వేసుకోకూడదు, మెడలో తువ్వాలు ఉండకూడదు. చెక్కపొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. కాబట్టి మాస్కు తప్పదు.

మరి కొనొచ్చా?

వేప, టేకు లాంటి కర్రతో, ఒకే రకం వస్తువులు నాలుగైదు కలిపి చేసే ఒంటరి పనివాడికి ఇది సరిపోతుంది. ఎక్కువగా ప్లైవుడ్ పని చేసేవాళ్లకి వద్దు. 8 అడుగుల షీటుని ఈ చిన్న బల్ల మీద తిప్పలేం, దానికి చేతి రంపం మిషన్, తిన్నటి గైడు చాలు. ఇద్దరు కలిసి పనిచేసే చోట కూడా వద్దు, ఒకరు వాడుతుంటే ఇంకొకరు ఖాళీ. మోటారు కాలితే అన్ని పనులూ ఆగిపోతాయని కూడా గుర్తుంచుకోవాలి.

బాబాయి ఒంటరిగానే చేస్తాడు, ఎక్కువగా గుమ్మాలు, స్టూళ్లు, పీటలు. కాబట్టి కొనమన్నాను, మూడు షరతులతో: స్టార్టర్, విడి లైను, చిత్రిక మీద మూత. మూత ఇనుముతో చేయిస్తానని ఒప్పుకున్నాడు. మిగతా తొమ్మిది వేళ్లూ ఆ షెడ్డులో పనిచెయ్యాలి కదా.