ఉత్కంఠ చిత్రమును, దానిని జూచు పిల్లలును

గత సంవత్సరము మా పాఠశాల వార్షికోత్సవమునాటి రాత్రి పై తరగతుల విద్యార్థులు తాము స్వయముగా తీసిన చిన్న చలనచిత్రము నొకదానిని ప్రదర్శించిరి. దాని పేరు "రాత్రి గంట". పాఠశాల గంట అర్ధరాత్రమున తనంతట తానే మ్రోగును, ఒక బాలుడును, ఒక బాలికయు దాని కారణమును వెదకుచు పోవుదురు, కథ యింతే. సెల్‌ఫోనుతో తీసినదే యైనను పని చక్కగా నుండెను. పెద్ద పిల్లలు చప్పట్లు చరచిరి. కాని ముందు వరుసలో చాపలపై గూర్చుండిన చిన్న తరగతుల పిల్లలలో నొకడు, కిటికీలో నాకస్మికముగా నొక ముఖము కనబడిన క్షణమున పెద్ద కేక వేసెను. ఆ పిమ్మట వాడు వసతిగృహములో ననేక రాత్రులు దీపము నార్పనీయలేదు. ఈ సంగతి విని వాని తండ్రి గ్రామమునుండి వచ్చెను. ఆయన కోపింపలేదు. "మాష్టారండీ, ఈ బొమ్మ తీయకముందు పిల్లల నడిగి తీసినామని చెప్పినారట. మావాణ్ణి ఎవరడిగినారండీ?" అని మాత్రము పలికెను.

ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేకపోయెను. విద్యార్థులు అడుగకపోలేదు. చిత్రము నారంభించుటకు ముందు వారొక ప్రశ్నావళిని వ్రాసి, పంచి, వచ్చిన ప్రత్యుత్తరములను లెక్కించి, పట్టికను గూడ గీసిరి. మేము దానిలోని అక్షరదోషములను దిద్దితిమే గాని యంతకు మించి చూడలేదు. ఇప్పుడు మరల చదివినచో అసలు దోషము స్పష్టముగా గనబడుచున్నది. "మీకు థ్రిల్లరు చిత్రములు ఇష్టమా?" అనునది మొదటి ప్రశ్న. "భయము ఎక్కువగా నుండవలెనా, తక్కువగానా?" అనునది రెండవది. ఆ కాగితములు పంచినది తమ తరగతిలో, తమ బెంచీల మధ్యనే. ప్రక్కవాడు తొంగి చూచుచుండగా "నాకు భయము తక్కువగా కావలెను" అని వ్రాయు పదునాలుగేండ్ల బాలు డెక్కడ దొరకును? అందరును ఎక్కువ కావలెననియే వ్రాసిరి. తీయువారికి తాము వినగోరిన మాటయే వినబడెను. కావున ఈ పాఠమును విద్యార్థుల కొఱకే వ్రాయుచున్నామని యెవ్వరును అనుకొనరాదు. మాకును ఇందులో పాలు గలదు.

కథ చెప్పువాడు వినువాని మనస్సును కనిపెట్టుచుండుట మనకు క్రొత్త కాదు. మన యిండ్లలో అవ్వ కథ చెప్పునప్పుడు పిల్లలు "ఊ" కొట్టవలెను. ఆ "ఊ" బిగ్గరగా, త్వరగా వచ్చినచో కథ నడచుచున్నదని యామెకు తెలియును. అది సన్నగిల్లినచో నిద్ర వచ్చినదనియు, అసలే రాక పిల్లవాడు కొంగు పట్టుకొన్నచో రాక్షసుని కొంత దూరముగా నిలుపవలెననియు నామె యెరుగును. తోలుబొమ్మలాటలో రామాయణ కథ సాగుచుండగా నడుమ కేతిగాడును, జుట్టుపోలిగాడును, బంగారక్కయు వచ్చి నవ్వించుటయు నిట్టిదే. రాత్రియంతయు కూర్చుండువారి మెలకువ ఆటగాండ్రకు ముఖ్యము గదా. చలనచిత్రమునకు ఈ సౌకర్యము లేదు. తెరమీది బొమ్మ తన యెదుటనున్నవాని ముఖమును చూడజాలదు. అందుచేతనే చిత్రములు తీయువారు ముందుగా నడుగుటయు, తీసిన పిమ్మట కొందరికి చూపి పరీక్షించుటయు అవసరమయ్యెను.

అమెరికాలో ప్రజాభిప్రాయమును లెక్కించుటయందు పేరొందిన జార్జి గాలప్ 1940లో సినిమా ప్రేక్షకుల పరిశోధనకై ప్రత్యేకముగా నొక సంస్థను నెలకొల్పి, ఆర్.కె.ఓ. అను చిత్రనిర్మాణ సంస్థకు పనిచేసెను. విద్యార్థుల సంగతికి వచ్చినచో, ఇంగ్లండులో 2008 మొదలు దాదాపు పదియేండ్లు, మీడియా స్టడీస్ అను విషయమును చదువు పదునారు పదునేడేండ్లవారికి ఒక పాఠ్యక్రమములో నిట్టి పని యుండెను: ఒక క్రొత్త కథాచిత్రము యొక్క ప్రారంభమును, పేర్లతో సహా, రెండు నిమిషములకు మించకుండ తీయవలెను. థ్రిల్లరు నెన్నుకొన్నవారు చాలమంది. చీకటి వసారాయు, అడుగుల చప్పుడును ఉన్న చాలును, ఖర్చు లేదు. తీసి యిచ్చిన పిమ్మట వారు జవాబు చెప్పవలసిన ప్రశ్నలలో "నీ చిత్రమునకు ప్రేక్షకు లెవరు?" అను భావముగల దొకటి, వారి నెట్లు ఆకర్షించితివి అనునది మరియొకటి. ఈ రెంటిని వేరుచేసి యడుగుట మాకు మిక్కిలి నచ్చినది. మా పిల్లలు రెండవదానికి మాత్రమే జవాబు వెదకిరి.

పిల్లలు చలనచిత్రమును జూచునప్పుడు వారిలో నేమి జరుగునో తెలిసికొనుటకు 1929 మొదలు 1932 వరకు అమెరికాలో నొక పెద్ద ప్రయత్నము జరిగెను. పేన్ ఫండ్ అను నిధి ధనసహాయము చేసెను; వేర్వేరు విశ్వవిద్యాలయముల పండితులు పాల్గొనిరి; 1933 మొదలుకొని గ్రంథములు వెలువడెను. అయోవా విశ్వవిద్యాలయమున డైసింజరు, రక్మిక్ అనువారు చిత్రము చూచువాని వ్రేళ్లకు తీగెలు తగిల్చి, చర్మముగుండ పోవు స్వల్ప విద్యుత్తులో కలుగు మార్పులను గాల్వనామీటరుతో కొలిచిరి. భయము గాని ఉద్రేకము గాని కలిగినప్పుడు చేతికి చెమర్చును; చెమర్చిన చర్మముగుండ విద్యుత్తు సులభముగా పోవును. ముఖమును గంభీరముగా నుంచుకొనగల బాలుడు సైతము తన వ్రేలి చెమటను దాచజాలడు. అపాయకరములైన దృశ్యములను జూచునప్పుడు చిన్నపిల్లలే మిక్కిలి చలించిరనియు, వయస్సు పెరిగినకొలది నా చలనము తగ్గెననియు వారు కనుగొనిరి. పెద్దవాడు "ఇది బొమ్మయే గదా" యని తనకు తాను చెప్పుకొనును. చిన్నవానికి ఆ మాట సమయమునకు అందదు.

ఒహాయో రాష్ట్రమున రెన్‌షా మొదలగువారు ఇంతకంటె వింతయైన పని చేసిరి. పిల్లల మంచములకు యంత్రములు అమర్చి, నిద్రలో వారి కదలికలను లెక్కించి, సినిమా చూచిన రాత్రిని, చూడని రాత్రిని పోల్చిరి. పిల్లలందరు ఒక్క తీరున నుండలేదు. చిత్రమును బట్టియు, పిల్లవానిని బట్టియు ఫలితము మారెను. మా వసతిగృహమున నట్టి యంత్రము లేదు గాని, ఆరని దీపమొకటి యా పనినే చేసినది.

ఇక చికాగో పండితుడైన హెర్బర్టు బ్లూమరు యంత్రములను వాడలేదు. విద్యార్థులచేత వారివారి సినిమా అనుభవములను జీవితకథవలె వ్రాయించెను. ఇది పాఠశాలలో నెవరైనను చేయదగిన పని. ఈ పరిశోధనలన్నిటిని తరువాతివారు విమర్శింపకపోలేదు. 1933లోనే ఫోర్మన్ అను రచయిత వీనిని సంగ్రహించి వ్రాసిన పుస్తకము, పండితులు చెప్పినదానికంటె చాల భయంకరముగా నుండెను. ఫలితముల విషయమై యెవరి యభిప్రాయ మెట్లున్నను, అడుగు తీరులు మాత్రము నేర్వదగినవి.

వానిని జూచియే యీ యేడు మేము ప్రశ్నావళిని మార్పించితిమి. కాగితముపై పేరు వ్రాయనక్కరలేదు. తరగతి మాత్రము వ్రాసి, మడచి, పెట్టెలో వేయవలెను. "ఇష్టమా?" యని యడుగుట మానితిమి. "నీవు చివరగా చూచిన భయపెట్టు చిత్రమును తుదివరకు చూచితివా? నడుమ లేచిపోయినచో ఎక్కడ లేచితివి? అప్పుడు నీ ప్రక్క నెవరుండిరి?" అని యడిగించితిమి. అభిప్రాయము చెప్పుమన్నచో పిల్లలు గొప్పలు చెప్పుదురు. జరిగినది చెప్పుమన్నచో చాలవరకు నిజము చెప్పుదురు. థ్రిల్లరు చిత్రములను జూడనివారికి గూడ కాగితము లిచ్చితిమి. ఏల చూడరో వారికే తెలియును. మరియొక ఉపాయము విద్యార్థులే కనిపెట్టిరి. కథను సగము చదివి ఆపి, "తరువాత నేమి జరుగును?" అని వినువారిని అడిగిరి. అందరును సరిగా చెప్పినచో అందులో ఉత్కంఠ లేదు. ఎవ్వరు నేమియు చెప్పలేకపోయినచో వారికి పట్టుకొన దారమే లేదు. కొందరొకటియు, కొందరు వేరొకటియు చెప్పి పోట్లాడుకొన్నచో చిత్రము తీయవచ్చును.

ఉత్కంఠ యననేమి యను విషయమై ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రాన్సు దేశపు దర్శకుడు త్రూఫోతో సంభాషించుచు చెప్పిన దృష్టాంతము ప్రసిద్ధము. బల్ల క్రింద బాంబున్నది. ప్రేక్షకులకు తెలియకుండ నది పేలినచో కొన్ని క్షణముల ఉలికిపాటు మాత్రమే కలుగును. ఉన్నదని ముందుగా వారికి తెలిపి, కూర్చుండినవారికి తెలుపకున్నచో, వారి మామూలు మాటలన్నియు ఉత్కంఠ కలిగించును. అంతటి హిచ్‌కాక్ సైతము ప్రేక్షకుల విషయమున పొరబడెను. 1936 నాటి "సాబొటాజ్" అను చిత్రమున ఒక బాలుడు తెలియక బాంబును మోసికొని లండను వీథులలో నడచును. దారిలో నాలస్యములు కలుగును. తుదకు బస్సులో నది పేలి వాడు మరణించును. ప్రేక్షకులు ఆ బాలునిపై ప్రేమ పెంచుకొనిరి గాన, దీనిని సహింపలేకపోయిరి. అట్లు చేయుట పొరబాటని ఆయనయే తరువాత త్రూఫోతో నొప్పుకొనెను. ఉత్కంఠను కలిగించువాడు ప్రేక్షకునికి కొంత ఋణపడును. బిగించిన దానిని సడలింపవలెను. మా చిత్రమున కిటికీలోని ముఖము బిగింపలేదు, సడలింపలేదు, ఉలికింపజేసి పోయెను.

ప్రేక్షకులకు చూపి దిద్దుకొనుటలో గూడ నొక ప్రమాదము గలదు. 1975 మార్చి నెలలో స్టీవెన్ స్పీల్‌బర్గు "జాస్" అను సొరచేప చిత్రమును, విడుదలకు ముందు, అమెరికాలోని డల్లాసు నగరమున సామాన్య ప్రేక్షకులకు చూపెను. ఆయన హాలులో వెనుక నిలిచియుండెను. నడుమ నొకడు లేచి బయటకు పరుగెత్తి, వాంతి చేసికొని, మరల వచ్చి తన చోటనే కూర్చుండెనట. పరుగెత్తుటకంటె మరల వచ్చుటయే గమనింపదగినది. జనుల కేకలు విన్న స్పీల్‌బర్గునకు ఇంకొక కేక కావలెనని యాశ పుట్టెను. మునిగిన పడవలో చచ్చినవాని తల హఠాత్తుగా కనబడు దృశ్యమును ఆయన, చిత్రపు ఎడిటరు వెర్నా ఫీల్డ్సు ఇంటి ఈతకొలనులో, నీరు మసకగా నుండుటకై పాలపొడి కలిపి, తీసెను. ఆశించిన కేక వచ్చెను. కాని తరువాత సొరచేప నీటినుండి తల యెత్తుచోట లోగడ వచ్చిన పెద్ద కేక చాల తగ్గిపోయెను. ఒకమారు ఉలికిపడినవారు మరల ఉలికిపడకుండ జాగ్రత్తపడిరి. ఈ సంగతిని స్పీల్‌బర్గే చెప్పియున్నాడు. దీనిని విన్నప్పుడు మా విద్యార్థులలో నొక బాలిక, "మన చిత్రములో ముఖము కనబడిన తరువాత గంటను ఎవరును పట్టించుకొనలేదండీ" యనెను. ఆమె మాట నిజము.

వయస్సు విషయమై లోకము గూడ మెల్లగా మేలుకొనినది. అమెరికాలో 1984లో పదుమూడేండ్ల హద్దుగల తరగతి యేర్పడెను. మన దేశమున 2023 నాటి చట్టసవరణచేత యు.ఎ. అను తరగతిని 7, 13, 16 ఏండ్లను బట్టి మూడుగా విభజించిరి. మా వార్షికోత్సవపు బొమ్మకు ముద్ర వేయుట కెవ్వరును రాలేదు. చాపలమీద ఆరేండ్లవారును, కుర్చీలలో పదునారేండ్లవారును ఒక్కమారే చూచిరి. ఈ తప్పు విద్యార్థులది కాదు; కూర్చుండబెట్టినవారము మేము.

ఈ సంవత్సరము "రాత్రి గంట"ను మరల తీయుచున్నారు. కిటికీలోని ముఖమును తీసివేసిరి. ఇప్పుడు గంట త్రాడు ఒక మేకపిల్ల కాలికి చుట్టుకొన్నది. ప్రేక్షకులు బిగిసిన త్రాటిని, గోడపై నీడను మొదటనే చూతురు. వెదకువారికి మాత్రము తెలియదు. మేకపిల్లను ముందే చూపినచో భయము పోవునని పై తరగతివారును, చూపకున్నచో చిన్నవారు నిలువలేరని క్రింది తరగతివారును చాల సేపు వాదించిరి. నీడ అనునది ఆ వాదమున పుట్టిన రాజీ. సగము తీసిన చిత్రమును వయస్సుల వారీగా, తల్లిదండ్రుల యనుమతితో, పగటివేళ తలుపులు తెరచియుంచి చూపిరి. ఇద్దరు విద్యార్థులు తెర ప్రక్కన ప్రేక్షకుల వైపు తిరిగి కూర్చుండి, బొమ్మను గాక ముఖములను జూచుచు, ఎవ రెక్కడ కదలిరో, ఎక్కడ తల త్రిప్పిరో నోటుపుస్తకములో గుర్తించిరి.

గత యేడు కేక వేసిన బాలుని గూడ ఈసారి అడిగితిమి. వాని తండ్రి ఒప్పుకొని, వాని యక్కను ప్రక్కన కూర్చుండనిమ్మని కోరెను. త్రాడు బిగిసినప్పుడు వాడు ముందుకు వంగి, "అక్కా, తాడు ఎవరు లాగుతున్నారే?" యని పైకే యడిగెను. నీడను జూచి జడియలేదు. కాని వసారాలో అడుగుల చప్పుడు వినబడినప్పుడు రెండు చేతులతో చెవులు మూసికొనెను. ఎందుకని పిమ్మట అడుగగా, పోయిన యేడు గూడ ముఖముకంటె ఆ చప్పుడే తనకు ఎక్కువ భయము కలిగించినదని చెప్పెను. ప్రశ్నావళి యంతయు వెదకినను చప్పుడు విషయమై యొక్క ప్రశ్నయైన లేదు. ఈ పత్రిక అచ్చునకు పోవునాటికి ఆ చప్పుడును తగ్గింపవలెనా, లేక దాని నడుమ మేకపిల్ల అరుపు నొకదానిని చేర్చవలెనా యని విద్యార్థు లింకను తగవులాడుచునే యున్నారు.